రేపటి వెల, నేటి లెక్క

ఇంటిపట్టున నుండి ఊరగాయలు, అప్పడములు చేసి విక్రయించు స్త్రీలు నేడు పెక్కుమంది గలరు. వారిలో కొందరు నగలు కుదువబెట్టి యంత్రములు కొనుచున్నారు. అట్టివారు ముందుగా లాభమును గణించు విధమును గూర్చి కొంత చెప్పదలచితిమి.

ఒక గృహిణికి ఏటి రాబడి 30,000 రూపాయలు, వ్యయము 20,000, మిగులు 10,000 అనుకొందము. మరుసటి యేడు ఊరగాయ వెలను నూటికి 5 వంతున పెంచినచో రాబడి 31,500 అగును. ఇంతమాత్రమున సంతసింపరాదు. నూనె, మిరప, కూలి నూటికి 8 వంతున పెరిగినచో వ్యయము 21,600 అగును. మిగులునది 9,900 మాత్రమే. తక్కిన వస్తువుల ధరలును సగటున నూటికి 5 పెరిగియున్నచో ఆ మిగులునకు నేటి విలువ సుమారు 9,430 రూపాయలే. కావున అమ్మకపు వెలకును, కొనుగోలు వెలలకును పెరుగుదలను వేర్వేరుగా కట్టవలయును. సరకుల వెల మన చేతిలో లేదు. మన వెలకో, పొరుగు దుకాణపు వెలయే హద్దు.

వడ్డీ విషయమున మరియొక జాగ్రత్త వలయును. అప్పు వడ్డీ నూటికి 10 అయినచో అందు ధరల పెరుగుదలయు ఇమిడియున్నది. ఈ భేదమును అమెరికా అర్థశాస్త్రజ్ఞుడగు ఇర్వింగ్ ఫిషర్ 1930లో ప్రకటించిన వడ్డీ సిద్ధాంత గ్రంథమున విశదపరచెను. 1.10ని 1.05 చేత భాగించిన సుమారు 1.048 వచ్చును, అనగా నిజమైన వడ్డీ నూటికి 4.8 మాత్రమే. రాబడిని పెరిగిన ధరలలో కట్టినవారు 10ని, నేటి ధరలలో కట్టినవారు 4.8ని గైకొనవలయును. రెంటిని కలగలిపినచో మేలైన యంత్రము నష్టకరముగను, నష్టకరమైనది మేలైనదిగను తోచును.

కుదువబెట్టిన నగ తిరిగి పెట్టెకు చేరుటయు, చేరకుండుటయు ఈ చిన్న లెక్కపై ఆధారపడియున్నది.