చదువరి చిట్టా

వర్తకుడు దినదినమును జరిగిన క్రయవిక్రయములను చిట్టాలో వ్రాసికొనును. పిమ్మట వానినే ఆయా ఖాతాల క్రింద విడదీసి ఆవర్జాలో ఎక్కించును. చిట్టా చూచినచో ఏనాడేమి జరిగినదో తెలియును. ఆవర్జా చూచినచో ఎవరు ఎంత బాకీ యున్నారో తెలియును. పుస్తకములు చదువువారిలోను ఇట్లు లెక్క వ్రాసికొనువారు పూర్వమునుండియు కలరు. అయితే ఈ కాలమున ఆ లెక్కను సొరుగులో దాచుకొనక, అంతర్జాలమున లోకమునకెల్ల కనబడునట్లు వ్రాయువారు కోట్లకొలదిగా నున్నారు. ఏకాంతమున చేసికొను పనికి ఇంతమంది సాక్షులెందుకని కొందరు అడుగుదురు. అది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దానిని విచారించుటకు ముందు, ఒంటరిగా చిట్టా వ్రాసికొనిన ఒక పాఠకుని సంగతి తెలిసికొందము.

ఆయన పేరు చార్లెస్ డార్విన్. జీవపరిణామ సిద్ధాంతమును లోకమునకు చెప్పిన శాస్త్రజ్ఞుడు. ఓడలో భూప్రదక్షిణము చేసి 1836లో ఇంగ్లండునకు తిరిగి వచ్చిన పిమ్మట, 1838లో ఆయన చదువునకు ఒక లెక్కపుస్తకమును పెట్టుకొనెను. అందు చదువవలసిన పుస్తకముల పట్టిక యొకటి, చదివి ముగించిన వాని పట్టిక యొకటి. శాస్త్రగ్రంథములే కాక కావ్యములును, జీవితచరిత్రలును అందు కలవు. పైపైన తిరుగవేసిన పుస్తకమునకు ఎదుట ఆ మాటయే నిజాయితీగా వ్రాసికొనెను. 1860 వరకు, అనగా ఇరువదిరెండేండ్లు, ఆయన ఈ అలవాటును విడువలేదు.

ఆ పట్టికలో 1838వ సంవత్సరపు శరత్కాలమున మాల్థస్ అను నాతడు జనసంఖ్యను గూర్చి వ్రాసిన గ్రంథము పేరు కలదు. తన సిద్ధాంతమునకు ఆధారమైన ముఖ్యభావము ఆ గ్రంథమును చదువుచుండగా స్ఫురించినదని డార్విన్ తన ఆత్మకథలో చెప్పెను. కాని పట్టికలోని ఆ పంక్తిని చూచినవారికి ఈ సంగతి తెలియు ఉపాయము లేదు. అది కేవలము చిట్టా.

ఆయనకు ఆవర్జాయును కలదు. తన సొంతపుస్తకమైనచో, చదువుచు ప్రక్కన సీసపుకడ్డీతో గీతలు గీసి, తనకు పనికివచ్చు విషయముల సూచికను ఆ పుస్తకపు చివర తానే తయారుచేసికొనెడివాడు. ఎరవు తెచ్చినదైనచో సారమును వేరు కాగితములపై ఎత్తివ్రాసికొనెడివాడు. ఆ కాగితములను ముప్పది నలుబది పెద్ద సంచికలలో, విషయమునకొక సంచిక చొప్పున, బీరువా అరలలో అమర్చుకొనెను. క్రొత్తపని మొదలుపెట్టునప్పుడెల్ల ముందుగా ఆ సంచికలను తెరచి చూచెడివాడు. పుస్తకము మిక్కిలి బరువైనచో పట్టుకొనుటకు అనువుగా నుండునట్లు దానిని నడిమికి రెండుగా కోసెడివాడని ఆయన కుమారుడు వ్రాసెను. విద్యార్థులారా, ఈ పద్ధతిని మాత్రము గ్రంథాలయపు పుస్తకములపై ప్రయోగింపకుడు!

డార్విన్ తన చిట్టాను ఇతరులకు చూపుటకై వ్రాయలేదు. మన గాంధీమహాత్ముడు చూపెను. 1922 మార్చిలో ఆరేండ్ల శిక్ష పొంది యెరవడ చెరసాలకు పోయిన ఆయన, అనారోగ్యకారణమున 1924 ఫిబ్రవరిలో విడుదలయ్యెను. చెరలో నున్నంతకాలము ఏ పుస్తకమును ఏనాడు ముగించినదియు దినచర్యలో పొడిమాటలతో గుర్తుపెట్టుకొనెను. బయటికి వచ్చిన పిమ్మట ఆ చదువును గూర్చి 'యంగ్ ఇండియా' పత్రికలో వ్యాసము ప్రకటించెను. అందు ఆయన మహాభారతమును, గిబ్బన్ వ్రాసిన రోము సామ్రాజ్యచరిత్రను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి, భారతమునకే పెద్దపీట వేసెను. దినచర్యలోని పంక్తికిని, ఈ వ్యాసమునకును గల అంతరమును గమనింపుడు. తనకొరకు వ్రాసికొనునప్పుడు పేరు, తేదీ చాలినవి. ఇతరులకు చెప్పవలసివచ్చినప్పుడు, ఆ పుస్తకము మంచిదనుటకు హేతువులు వెదకవలసివచ్చెను. సాక్షులుండుటవలన కలుగు మేలు ఇదియే యని నా అభిప్రాయము. మన అభిప్రాయమును ఇంకొకని ముందు నిలబెట్టువరకు అది ఎంత గట్టిదో మనకే తెలియదు.

ఇక అంతర్జాలములోని చిట్టాల సంగతి. 2005 ఆగస్టులో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున టిం స్పాల్డింగ్ అను నాతడు లైబ్రరీథింగ్ అను వెబ్‌సైటును స్థాపించెను. 2007 జనవరిలో గుడ్‌రీడ్స్ అనునది వెలువడెను. దీనిని 2013లో అమెజాన్ సంస్థ కొనెను. వీనిలో చేరిన ప్రతివానికి కొన్ని అరలు ఇయ్యబడును. గుడ్‌రీడ్స్‌లో ముఖ్యమైనవి మూడు: చదివినవి, చదువుచున్నవి, చదువగోరునవి. డార్విన్ పెట్టుకొనిన పట్టికలే యని మీరు గుర్తించియుందురు. పుస్తకమును అరలో చేర్చుటకు దాని పేరంతయు వ్రాయ నక్కరలేదు. అట్టమీద అచ్చువేయబడిన అంతర్జాతీయ పుస్తకసంఖ్యను ఇచ్చినచో చాలును. 2007 నుండి ఈ సంఖ్య పదుమూడు అంకెలు గలదై యున్నది. ఆ అంకెలనుబట్టి కంప్యూటరు గ్రంథకర్త పేరును, ప్రకాశకుల పేరును, పుటల సంఖ్యను తానే చూపును.

ఇందలి చమత్కారమంతయు పోలికలోనున్నది. మీ అరను ఇతరుల అరలతో సరిచూచి, మీకును వారికిని సమానమైన పుస్తకములు ఎన్నియో లైబ్రరీథింగ్ లెక్కగట్టును. ఈ లెక్కలో అన్ని పుస్తకములకు ఒకే తూకము లేదు. లక్షమంది యొద్దనున్న పుస్తకము మీయొద్దను నాయొద్దను ఉన్నంతమాత్రమున మన అభిరుచి ఒకటేయని చెప్పవీలులేదు. పదిమంది యొద్ద మాత్రమే యున్న గ్రంథము మనయిద్దరియొద్దను ఉన్నచో మనము మాటలాడుకొనదగినవారము. అందుచేత అరుదైన పుస్తకమునకు ఎక్కువ తూకము వేయబడును. ఏ పల్లెలోనో ఒంటరిగా చదువుకొనువానికి, తనవంటివాడు వేరొక ఖండమున కలడని ఇట్లు తెలియవచ్చును.

కాలము చెల్లినవారితోను పోలిక కుదురును. అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన జెఫర్సన్ 1815లో తన గ్రంథములను, ఆరువేల నాలుగువందల ఎనుబదియేడు సంపుటములను, ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమునకు విక్రయించెను. 1851లో జరిగిన అగ్నిప్రమాదమున వానిలో సుమారు మూడింట రెండువంతులు కాలిపోయినవి. లైబ్రరీథింగ్ సభ్యులు కొందరు, జీతభత్యములు కోరక, పాత జాబితాల ననుసరించి ఆ గ్రంథముల పేర్లన్నియు మరల ఎక్కించి, జెఫర్సన్ పేర ఒక అరను నిలిపిరి. అట్లు కాలిపోయిన పుస్తకము కూడ అరలో తన చోటు తాను మరల పొందినది.

ఇంతవరకు మేలే. ఇక నక్షత్రములకు వత్తము. చదివిన పుస్తకమునకు ఒకటి మొదలు ఐదు వరకు నక్షత్రములిచ్చు ఆచారము గుడ్‌రీడ్స్‌లో కలదు. అందరిచ్చిన వానిని కూడి, సగటు కట్టి పుస్తకము పేరు క్రింద చూపుదురు. ఒక పుస్తకమునకు పదిమందియు మూడేసి ఇచ్చిరనుకొందము, సగటు మూడు. వేరొక పుస్తకమునకు ఐదుగురు ఐదేసియు, ఐదుగురు ఒక్కొక్కటియు ఇచ్చిరి. సగటు అదియు మూడే. మొదటిది ఎవ్వరిని కదలింపని చప్పని పుస్తకము. రెండవది ఇంటింట వాదము పుట్టించిన పుస్తకము. సగటును మాత్రమే చూచి పుస్తకమును ఏరుకొనువానికి రెండును ఒక్కటియే!

అంతకంటె వింత 2023లో జరిగినది. ఎలిజబెత్ గిల్బర్ట్ అను అమెరికా రచయిత్రి రష్యాలోని సైబీరియాలో జరిగిన కథగా ఒక నవలను వ్రాసి, మరుసటియేడు ప్రచురింతునని ప్రకటించెను. అప్పటికి ఉక్రెయినుపై రష్యా యుద్ధము సాగుచుండెను. ఇట్టి సమయమున రష్యానుగూర్చిన నవలయా యని పెక్కుమంది ఆగ్రహించి, ఆ నవలకు గుడ్‌రీడ్స్‌లో ఒక్కొక్క నక్షత్రము మాత్రము ఇచ్చిరి. పుస్తకము ఇంకను అచ్చుకాలేదు; ఇచ్చినవారిలో దానిని చదివినవారెవరు? రచయిత్రి జూన్ నెలలో ప్రచురణను నిలిపివేసెను. వారి బాధ నిజమైనదే. కాని చదువరుల లెక్కపుస్తకములో చదువనివారు వ్రాసిన పద్దులవి.

ఏటేట ఇన్ని పుస్తకములు చదివెదనని ముందుగా సంఖ్య ప్రకటించి, ఎంతవరకు వచ్చితినో అందరికి చూపుట యను వేడుకయు అచ్చట కలదు. బద్ధకస్తునకు ఇది మంచి చెర్నకోల. కాని విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' చదివినను ఒకటియే, నలుబది పుటల చిన్నపుస్తకము చదివినను ఒకటియే. డిసెంబరు నెలలో సంఖ్య నిండని పాఠకుడు ఏ పుస్తకమువైపు చేయిచాచునో ఊహించుకొనుడు.

మరియొక సంగతి. నీనా బ్రౌన్ అను అమెరికా గ్రంథాలయోద్యోగిని పేరిట వెలసిన పద్ధతియొకటి మనదేశపు గ్రంథాలయములలో బహుకాలము వాడుకలో నుండెను. పుస్తకములోని చీటిని తీసి పాఠకుని టిక్కెట్టు సంచిలో పెట్టుదురు. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు చీటి పుస్తకములోనికి, టిక్కెట్టు పాఠకుని చేతికి పోవును. ఆపై ఎవరేమి చదివిరో చెప్పు గుర్తు మిగులదు. ఆ గ్రంథాలయము మరచిపోవును. అంతర్జాలము మరువదు. మనమేమి చదువుచున్నామో తెలిసినవానికి మన సందేహములు, భయములు, కోరికలు తెలిసినట్లే. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములను గైకొనుటకు తల్లిదండ్రుల అనుమతి యుండవలెనని భారతదేశమున 2023లో చేయబడిన చట్టము విధించుచున్నది. కావున మీవంటివారు నోటుపుస్తకముతో మొదలుపెట్టి, తరగతిలోని నలుగురు స్నేహితులతో దానిని మార్చుకొనుట సులభమార్గము. ఆ నలుగురును చదువరుల సంఘమే.

తెలుగు చదువరులును ఈ బాటలో నడచిరి. 2009 జనవరిలో వెలసిన పుస్తకం.నెట్ అను వెబ్‌సైటున దేశవిదేశములలోని తెలుగువారు తాము చదివిన పుస్తకములను గూర్చి వ్యాసములు వ్రాసిరి. సంవత్సరాంతమున ఆ యేటి చదువునంతయు నెమరువేసికొనుట అచ్చట ఆచారమయ్యెను. గుడ్‌రీడ్స్ వంటి చోట్ల మాత్రము తెలుగు పుస్తకమునకు కొంత ఇబ్బంది కలదు. 1970కి ముందు అచ్చయిన ప్రతులపై పైని చెప్పిన సంఖ్య ఉండదు. 'వేయిపడగలు' అను పేరునే ఆంగ్లలిపిలో ఒకరు ఒక తీరున, మరియొకరు వేరొక తీరున వ్రాయగా ఒక్క పుస్తకము రెండుగా తోచును. అట్టివానిని కలిపి సరిచేయుటకు స్వచ్ఛందముగా పనిచేయు సభ్యులు కలరు. ముఖపత్రము చినిగిన పాతప్రతిని ఒడిలో పెట్టుకొని, గ్రంథకర్త పేరు, ముద్రణశాల, ముద్రించిన యేడు ఒక్కొక్కటిగా చూచి, వారు తెలుగులిపిలోనే ఎక్కించుదురు. ఆ మరునాడు ఆ పుస్తకము కొరకు వెదకువాని కది దొరకును.