రామగుండం జమాఖర్చులు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు అన్నారు. వారు ఇంటి ఆస్తిని మనసులో పెట్టుకుని ఆ మాట అని ఉంటారు. అది అక్షరాలా వర్తించే ఊరు ఒకటి గోదావరి ఒడ్డున ఉన్నది. అది రామగుండం. తెలంగాణాలో, పెద్దపల్లి జిల్లాలో, వేసవి ఎండలకు పేరుమోసిన చోటు.

ఎండ ఒక్కటే ఈ ఊరి విశేషం కాదు. కాలికింద బొగ్గు ఉన్నది. పక్కన నది ఉన్నది. ఆ బొగ్గును కాల్చి, ఆ నీటిని ఆవిరి చేసి కరెంటు తీసే పెద్ద కేంద్రం ఉన్నది. గాలిలోని నత్రజనిని పట్టి యూరియా చేసే కర్మాగారం ఉన్నది. ఇవి చాలవన్నట్టు, జలాశయం మీద పలకలు పరచి ఎండనుంచే కరెంటు పిండే ఏర్పాటు కూడా ఉన్నది. ప్రకృతి మనకిచ్చే వాటిలో ఏది మళ్ళీ ఇస్తుందో, ఏది ఇవ్వదో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

మట్టిలో కలవని ఆకు

ముందు బొగ్గు సంగతి చూద్దాం. మన పెరటిలో వేపచెట్టు ఉన్నదనుకోండి. అది గాలిలోనుంచి బొగ్గుపులుసు వాయువును, వేళ్ళ ద్వారా నీటిని తీసుకుని, ఎండ సాయంతో తన ఒళ్ళు పెంచుకుంటుంది. పుచ్చుకున్నదానికి బదులుగా ప్రాణవాయువును వదులుతుంది. ఆకు రాలుతుంది, కుళ్ళుతుంది. అందులోని కర్బనం తిరిగి బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. మేక తిన్నా అంతే, పొయ్యిలో పెట్టినా అంతే. తీసుకున్నది తిరిగి ఇచ్చివెయ్యటమే అక్కడి ధర్మం. ఈ చక్రం ఒకసారి తిరగటానికి ఆకుకైతే కొన్ని నెలలు, మానుకైతే కొన్ని దశాబ్దాలు పడుతుంది.

అయితే ఇరవై అయిదు, ముప్ఫై కోట్ల సంవత్సరాల క్రితం ఈ గోదావరి లోయలో ఒక చిత్రం జరిగింది. నాలుకల వంటి ఆకులున్న చెట్లు అప్పుడు ఇక్కడ అడవులుగా పెరిగేవి. ఆ ఆకులు, మానులు బురదనేలల్లో పడి, ప్రాణవాయువు అందక, పూర్తిగా కుళ్ళకుండానే మిగిలిపోయాయి. వాటిమీద ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ బరువుకు, భూగర్భంలోని వేడికి అవి నల్లబడి, గట్టిపడి బొగ్గు అయినాయి. అంటే బొగ్గు చక్రం నుంచి తప్పించుకున్న ఆకు. మట్టిలో కలవవలసినది కలవక దాగిపోయిన ఆనాటి ఎండ.

అలనాటి ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. ఆ పేరు గోండుల సీమనుబట్టి వచ్చింది. ఆ గోండులు నేటికీ ఆదిలాబాదు అడవుల్లో ఉన్నారు. అటువంటి ఆకుల శిలాజాలే ఆస్ట్రేలియాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ, మంచుఖండమైన అంటార్కిటికాలోనూ దొరికినాయి. ఒకప్పుడు ఈ నేలలన్నీ కలిసి ఉండేవనటానికి అదొక సాక్ష్యం.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. 1920లో దానికి సింగరేణి అన్న పేరు వచ్చింది. మొదట్లో ఎద్దులబండి లెక్కన సాగిన వ్యవహారం నేడు ఎక్కడికి వచ్చిందంటే, 2023-24 సంవత్సరంలో సింగరేణి తవ్వి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు! కోట్ల ఏళ్ళ కూడబెట్టుడులోనుంచి ఒక్క ఏడాది ఖర్చు ఇది.

ఒక యూనిట్ కరెంటుకు ఎంత బొగ్గు?

మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అందుచేత ఒక యూనిట్ కరెంటు తియ్యటానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే సంసారం ఉన్నదనుకుందాం. ఆ కరెంటంతా బొగ్గుదే అయితే, ఆ ఇంటివారు నెలకు 140 కిలోల బొగ్గు కాల్చినట్టు లెక్క. వంటింట్లో అంత బొగ్గు పోసి ఉంటే ఇల్లాలు ఊరుకోదు. ఎక్కడో వంద మైళ్ళ అవతల పొగగొట్టంలోనుంచి పోతున్నది కనుక మన కంటికి ఆనటంలేదు.

రామగుండంలోని జాతీయ థర్మల్ సంస్థ కేంద్రంలో మొదటి యంత్రం 1983లో తిరిగింది. తరవాత పెరిగి పెరిగి దాని శక్తి 2600 మెగావాట్లు అయింది. దాని ప్రక్కనే 2023, 2024 సంవత్సరాలలో మరి రెండు యంత్రాలు, ఒక్కొక్కటి 800 మెగావాట్లవి, పని మొదలుపెట్టాయి. అంటే బొగ్గు కాలం చెల్లిందనుకోవటం తొందరపాటు. మరొకవైపు చూస్తే, కొత్తగూడెంలో 1966లో మొదలైన పాత కేంద్రం 2020 నాటికి మూతపడింది. నీళ్ళు చల్లార్చే దాని ఎనిమిది బురుజులనూ 2024 ఆగస్టులో నేలమట్టం చేశారు. ఒక చోట కొత్తవి లేస్తున్నాయి, ఒక చోట పాతవి కూలుతున్నాయి. మనం ఉన్న కాలం అది.

బొగ్గుతో చిక్కు అది అయిపోవటం ఒక్కటే అయితే, అయిపోయిననాడు చూసుకుందాంలే అనవచ్చు. రెండో చిక్కు ఉన్నది. చక్రం నుంచి తప్పించుకున్న కర్బనాన్ని మనం ఒక్కసారిగా మళ్ళీ చక్రంలోకి తోస్తున్నాము. అందులో సుమారు సగాన్ని సముద్రాలు, చెట్లు, నేల మింగుకుంటున్నాయి. తక్కినది గాలిలోనే నిలిచిపోతున్నది. యంత్రయుగానికి ముందు పదిలక్షల పాళ్ళ గాలిలో 280 పాళ్ళు ఉండిన బొగ్గుపులుసు వాయువు, 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని కొండమీద కొలవటం మొదలుపెట్టేనాటికి 315 అయింది. ఇప్పుడు 420 దాటింది. కప్పుకున్న దుప్పటి మందమైతే లోపల ఉక్క పెరిగినట్టు, భూమి వేడెక్కుతున్నది. ఎండలకు పేరుపడిన ఊళ్ళో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అన్నంలో ఉన్న గ్యాసు

రెండో చక్రం నత్రజనిది. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అయినా పైరు దానిని గాలిలోనుంచి నేరుగా తీసుకోలేదు. సముద్రం మధ్యన ఉండి దాహంతో చచ్చినట్టుంటుంది దాని పరిస్థితి. అందుకు ప్రకృతి చేసిన ఏర్పాటు, పప్పుజాతి మొక్కల వేళ్ళ బుడిపెలలో కాపురముండే సూక్ష్మజీవులు. అవి గాలి నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. ఈ శాస్త్రం తెలియకపోయినా మన రైతులు వరి నాట్లకు ముందు జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, ఏపుగా పెరిగాక కలియదున్నేవారు. పశువుల పెంట పొలానికి తోలేవారు. పంట తీసుకున్నది తిరిగి నేలకే చేరేది.

1909లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ గాలి నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ దానిని 1913 నాటికి కర్మాగారం స్థాయికి తెచ్చాడు. రామగుండంలో వెనకటి ఎరువుల కర్మాగారం ఆ ఉదజనిని బొగ్గునుంచే తీసేది. అది 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన కొత్త కర్మాగారం 2021లో పనిలోకి వచ్చింది. దాని శక్తి ఏటా 12 లక్షల 70 వేల టన్నుల యూరియా. ఇది గొట్టపుమార్గాన వచ్చే సహజవాయువును వాడుతుంది. ఆ గ్యాసు కూడా బొగ్గులాగే పాతాళపు నిల్వ.

కనుక మన కంచంలోని అన్నం ఈ ఏటి ఎండతో, ఈ ఏటి వానతో మాత్రమే పండినది కాదు. అందులో కోట్ల ఏళ్ళనాటి గ్యాసు పాలు కూడా ఉన్నది. యూరియా లేకపోతే ఇంతమందికి తిండి పెట్టటం కష్టమయ్యేది. ఆ మేలును కాదనకూడదు. కాని చల్లినదంతా పైరుకు పట్టదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత కాలువలోకి పోతుంది. చెరువుల్లో గుర్రపుడెక్క అంతగా ఎందుకు బలుస్తున్నదని ఆశ్చర్యపోతాము. అది తింటున్నదాంట్లో మనం చల్లి వదిలేసిన ఎరువూ ఉన్నది.

నీటిమీద ఎండ

ఇక ఏటేటా వచ్చే రాబడి సంగతి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి ఈ ఊరి పక్కగా సముద్రానికి పోతుంది. సముద్రం మీది నీటిని ఎండ ఆవిరిగా పైకెత్తుతుంది. ఆ ఆవిరి గాలిలో సగటున తొమ్మిది, పది రోజులకంటే నిలవదు. మళ్ళీ ఎక్కడో వానై కురుస్తుంది. ఆనకట్ట దగ్గర నీరు తిప్పే చక్రాన్ని నిజానికి తిప్పుతున్నది ఎండే. గాలిమరను తిప్పే గాలి కూడా ఎండ పుట్టించినదే.

ఆ ఎండను నేరుగా పట్టుకునే పని రామగుండం జలాశయం మీద 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో సాగుతున్నది. సుమారు 500 ఎకరాల నీటిపైన సోలార్ పలకలు తేలుతూ 100 మెగావాట్లు ఇస్తున్నాయి. సేద్యపు నేల ఖర్చు లేదు. నీడవల్ల నీరు ఆవిరి కావటం తగ్గుతుంది. నీటి చల్లదనానికి పలకలు కూడా బాగా పని చేస్తాయి. దీనివల్ల ఏటా లక్షా అరవై అయిదువేల టన్నుల బొగ్గు ఆదా అవుతుందని అంచనా వేశారు.

మంచిదే. అయితే పక్కనున్న బొగ్గు కేంద్రం 2600 మెగావాట్లదని మరిచిపోకూడదు. పైగా సూర్యుడు సాయంకాలానికి సెలవు పుచ్చుకుంటాడు. మన ఇళ్ళల్లో దీపాలు, పంకాలు, టెలివిజన్లు జోరు అందుకునేది సరిగా అప్పుడే. దీనికి మార్గం లేకపోలేదు. నాగార్జునసాగరంలోనూ, శ్రీశైలం ఎడమగట్టునా కొన్ని యంత్రాలు అటూ ఇటూ తిరిగేవి ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడతాయి. అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదిలి కరెంటు ఇస్తాయి. చాకు చేత్తో పొద్దున వడ్లు గాదెలో పోసి, రాత్రి దంచుకున్నట్టన్నమాట. అయితే గాదెలో పోసినంతా తిరిగి రాదు, కొంత తరుగు తప్పదు.

తిరిగివచ్చేదీ తరిగిపోవచ్చు

తిరిగివచ్చేదని ఎంత వాడినా ఫరవాలేదనుకోవటం ఇంకొక భ్రమ. శ్రీశైలం జలాశయం కట్టిననాడు 308 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక చేరి చేరి ఇప్పటి లెక్క సుమారు 215. వాన ఏటా వస్తూనే ఉన్నది, పట్టే పాత్రే చిన్నదైపోయింది. బోరుబావి సంగతీ అంతే. వాన ఇంకినంతలో తోడుకుంటే అది ఊట. అంతకు మించి తోడితే అదీ గనే. వంటచెరకూ అంతే: పెరిగినంతలో కొడితే అడవి, మించితే ఎడారి. సోలార్ పలక సైతం గాజు, అల్యూమినియం, వెండి మొదలైన గని సరుకులతో చేసినదే. పాతికేళ్ళ తరవాత ఆ పలకలను కరిగించి మళ్ళీ వాడుకునే ఏర్పాటు ఇప్పటినుంచే చూసుకోవాలి.

ఇంకొక లెక్క మనుషులది. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలమంది. వారిమీద ఆధారపడి గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం వంటి పట్టణాలు బతుకుతున్నాయి. బొగ్గు తగ్గించాలని మనం నగరంలో పంకా కింద కూర్చుని తేలికగా అనవచ్చు. తరతరాలుగా చీకటిలో దిగి మనకు వెలుగు పంపినవారి పిల్లలకు ఏ పని చూపుతామన్నది కూడా ఆ మాటతోబాటే చెప్పాలి. సింగరేణి సంస్థ తానే సోలార్ కేంద్రాలు పెట్టటం మొదలుపెట్టింది. అది శుభారంభమే. కాని పలకలు ఒకసారి పరిచాక గనికి కావలసినంతమంది మనుషులు వాటికి అక్కరలేదు. కనుక ఆ పిల్లలకు వేరే చదువులు, వేరే పనులు గని మూతపడకముందే సిద్ధం కావాలి.

సంసారం నడిపేవారికి ఇదంతా కొత్త విద్య కాదు. నెల జీతమెంత, తాతలు వదిలిన సొత్తు ఎంత, దేనిలోనుంచి దేనికి ఖర్చు పెట్టాలి అన్న వివేకం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నది. పిల్ల పెళ్ళికో, పిల్లవాడి చదువుకో పొలం అమ్మినవారిని ఎవరూ తప్పుపట్టరు. రోజూ కూరగాయలకు పొలం అమ్మేవాడిని చూస్తేనే ఊరు నవ్వుతుంది. బొగ్గూ, గ్యాసూ మన తాతలకు తాతలైన చెట్లూ చేమలూ వదిలిన పొలం. దానిని అమ్మి ఎండనూ, గాలినీ పట్టుకునే సాధనాలు సమకూర్చుకుంటే అది చదువుకు పెట్టిన ఖర్చు. ఎవరూలేని గదిలో తిరిగే పంకాకు పెడితే అది కూరగాయల ఖర్చు. ఈ నెల కరెంటు బిల్లు వచ్చినప్పుడు యూనిట్ల అంకె పక్కన కిలోల అంకె కూడా వేసి పిల్లలకు చూపించండి. రెండో లెక్క వాళ్ళే మొదలుపెడతారు.