రెండు సమాన గుర్తులు

తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషికి కంప్యూటరు ప్రోగ్రాములతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఇంటావిడ ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. మొదటి మూడుసార్లూ గంభీరంగా యేదో ఒక సమాధానం చెప్పాను. నాలుగోసారి, మా నాన్నగారు పోగుచేసిన నాలుగువేల పైచిలుకు సామెతలు కన్ను మూసి తెరిచేలోగా మాయమైపోయిన రాత్రి అడిగింది గనుక, నాకు నోరు పెగల్లేదు.

మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ ఆయన రెండు పనులు తప్పకుండా చేసేవారు. ఒకటి, బడి ఆవరణలో వేపమొక్క నాటడం. రెండోది, ఆ ఊరి ముసలివాళ్లను కూర్చోబెట్టి సామెతలు చెప్పించి రాసుకోవడం. అలా తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి. ఆయన పోయిన తరువాత రెండు వేసవి సెలవులు కూర్చుని వాటిని నేను కంప్యూటరులో ఎక్కించాను. మొత్తం 4,137 పంక్తులు. ఒకే సామెతను ఆయన నాలుగు ఊళ్లలో విని నాలుగు పుస్తకాల్లో రాశారు గనుక, మళ్లీ మళ్లీ వచ్చినవి తీసివేస్తే అచ్చుకు ఇవ్వవచ్చునని నా ఆశ. చేత్తో చేయబోతే ‘అ’కారం దాటేసరికి దసరా వచ్చింది.

దసరాకు మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో ఒక జీవశాస్త్ర ప్రయోగశాలలో ఉద్యోగం. నన్ను ‘బాబాయిగారూ’ అంటుంది. నా అవస్థ చూసి, “ఇది పది పంక్తుల పెర్ల్ బాబాయిగారూ, మీరే రాసుకోవచ్చు” అన్నది. పెర్ల్ అంటే ఒక ప్రోగ్రాముల భాష. ఈ రోజుల్లో కుర్రవాళ్లందరూ పైథాన్ నేర్చుకుంటున్నారు గదా, ఇదెందుకని నేను అడగకపోలేదు. 1990 ప్రాంతాలనుంచి మనిషి జన్యువుల పటం గీసే మహాయజ్ఞం జరిగిన రోజుల్లో చాలా ప్రయోగశాలలు పెర్ల్‌నే వాడాయట. జన్యువులంటే యంత్రానికి ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలతో రాసిన అంతులేని గ్రంథమే గదా! అలాంటి పాత ప్రోగ్రాములు వాళ్ల ప్రయోగశాలలో ఇంకా నడుస్తున్నాయి. తనకు వచ్చినది తను నేర్పుతానన్నది.

నన్ను అసలు ఆకర్షించినది వేరొకటి. ఈ భాషను 1987లో లోకానికిచ్చిన లారీ వాల్ అనే అమెరికా దేశస్థుడు భాషాశాస్త్రం చదివినవాడు. లిపిలేని భాష నొకదాన్ని వెతికి దానికి లిపి కల్పించాలని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారట. ఆ పని సాగలేదు గాని, కంప్యూటరుకు ఒక భాష దక్కింది. దానికి ముత్యమని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పెట్టబోతే, ఆ పేరుతో అప్పటికే ఇంకొక భాష ఉన్నదని తెలిసి, మధ్యలో ఒక అక్షరం తీసివేశాడు. ఆ విధంగా మన ముత్యం కొంచెం చెక్కు లేచిన ముత్యం.

నేర్చుకోవడం మొదలుపెట్టాక మాత్రం, ఈ భాష చేసినవాడు వ్యాకరణం తెలిసినవాడేనని నాకు నమ్మకం కుదిరింది. ఇందులో పేర్లకు ముందు గుర్తులుంటాయి. ఒక్క వస్తువయితే $, జాబితా అయితే @. అంటే ఏకవచన బహువచనాలే. సర్వనామం కూడా ఉన్నది. మనం “పండు తీసుకో, కడుగు, తిను” అంటాము. ఏమిటి కడగాలో, ఏమిటి తినాలో వేరే చెప్పము. పెర్ల్‌లోనూ అంతే. దేని సంగతో చెప్పకుండా వదిలితే, చాలాచోట్ల చేతిలో ఉన్నదాని సంగతే ననుకుంటుంది. ఇంత తెలుగుతనం ఉన్న భాష నాకు వారంరోజుల్లో వచ్చేస్తుందనుకున్నాను.

రాలేదు. సామెతల జాబితాలోనుంచి మొదటి సామెత తీద్దామని జాబితాను ఒక ఏకవచనపు పాత్రలో పోశాను. సామెత రాలేదు, 4137 అనే అంకె వచ్చింది. బహువచనాన్ని ఏకవచనపు చోట కూర్చోబెడితే, ఎంతమంది ఉన్నారో లెక్క చెబుతుందట. ఆ పాత్రకే కుండలీకరణాలు తగిలిస్తే అప్పుడు మొదటి సామెత వస్తుంది. రెండు చిన్న వంపుగీతలకోసం ఒక సాయంత్రమంతా పోయింది.

ప్రతి ప్రోగ్రాముకూ తలమీద రెండు పంక్తులు రాయమని అమ్మాయి మరీ మరీ చెప్పింది: యూజ్ స్ట్రిక్ట్, యూజ్ వార్నింగ్స్. మొదటిది, ప్రతి పేరునూ ముందుగా ప్రకటించకపోతే ప్రోగ్రామును కదలనివ్వదు. రెండోది, అనుమానం కలిగినచోటల్లా గొణుగుతుంది. ఆమె హైదరాబాదు వెళ్లిన మూడోరోజున, వీటి నస భరించలేక రెండూ తీసేశాను. ఇల్లు ఒక్కసారి ప్రశాంతమైపోయింది. ప్రోగ్రాము బాగుపడిందనుకున్నాను.

ఇక ఆ శనివారం రాత్రి. పంక్తులన్నీ చదివి, ప్రతిదాన్నీ అంతకుముందు ఉంచుకున్నవాటితో పోల్చి, సమానమైతే వదిలివేసి, కొత్తదైతే ఉంచుకొని, చివరకు ఉంచుకున్నవన్నీ తిరిగి అదే ఫైలులో రాయమన్నాను. వేరే ఫైలెందుకు, చోటు దండగ అనే పొదుపు బుద్ధి! ప్రోగ్రాము ఒక్క క్షణంలో ముగిసింది. ఫైలు తెరిస్తే మూడు పంక్తులు మిగిలాయి. రాత్రి పదిన్నర అని కూడా చూడకుండా ఫోను చేశాను.

“అమ్మాయీ, నా ప్రోగ్రాము పనిచేయటం లేదు.”

“పనిచేయటం లేదంటే ఏమయింది బాబాయిగారూ?”

“అంతా పోయింది.”

“ఫైలే లేదా? ఫైలుండి ఖాళీగా ఉన్నదా? ఏమైనా మిగిలిందా?”

నిజం చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. కొంప అంటుకుంటే నీళ్లు తేకుండా, నిప్పు ఏమూల మొదలైందని విచారణ చేస్తున్నదేమిటనిపించింది. అయినా చదివాను. మొదటి పంక్తి: ‘అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.’ రెండోది: ‘1974 వేసవి, కళ్లాల దగ్గర విన్నవి.’ మూడోది: ‘1981 సంక్రాంతికి అత్తయ్య చెప్పినవి.’ నాన్నగారు సంవత్సరం వేసి రాసుకున్న పంక్తులు ఆ రెండే.

అవతల కాసేపు మాట లేదు. తరువాత, “పోల్చేచోట రెండు సమాన గుర్తులు పెట్టారు గదూ?” అన్నది.

పెట్టాను మరి! సమానమా కాదా అని అడగటానికి ఇంకేమి పెడతారు? పెర్ల్‌లో == అనేది అంకెలను పోల్చటానికట. మాటలను పోల్చటానికి ‘ఈక్యూ’ అని వేరే ఉన్నది. మాటలు ఇచ్చి అంకెల్లా పోల్చమంటే, అది పాపం కాదనదు; ప్రతి మాటలోనూ మొదట అంకె ఏమైనా ఉన్నదా అని చూస్తుంది. లేకపోతే సున్న అనుకుంటుంది. మా నాన్నగారి సామెతలన్నీ దాని లెక్కలో సున్నలు. సున్నకు సున్న సమానం గనుక మొదటిది ఉంచి తక్కినవన్నీ పారవేసింది. 1974తో, 1981తో మొదలైన పంక్తులు మాత్రం సున్నలు కావు గనుక బ్రతికిపోయాయి. ప్రోగ్రాము చూడకుండానే ఆమె రోగం పట్టినది ఆ రెండు పంక్తులవల్ల. “అంతా పోయింది” అన్న నా మాటవల్ల కాదు.

“ఆ ఫైలు ఇంకెవరికైనా పంపారా?” అన్నది వెంటనే. ఆగస్టులో మా చెల్లెలికి విజయనగరం పంపాను, తప్పులు దిద్దమని. కాని అప్పటికి ఆరు పుస్తకాలే అయినాయి. ఏడూ ఎనిమిదీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. తొమ్మిదోది కిందటి వానాకాలంలో అటకమీద తడిసి, సిరా పాకిపోయింది. దానిలోని 340 సామెతలూ పోయిన ఆ ఫైలులో తప్ప ఎక్కడా లేవు.

మరునాడు ప్రోగ్రాము పంపమన్నది. తెరను ఫోనుతో ఫొటో తీసి పంపాను. “ఫొటోను నడిపించి చూడలేను బాబాయిగారూ, అక్షరాలు పంపండి” అన్నది. అప్పుడు, చెప్పటానికి సిగ్గుగా ఉన్నది గాని, ఒక పని చేశాను. ఉన్నదున్నట్లు పంపకుండా, కూర్చుని శుభ్రంగా మళ్లీ టైపు చేశాను. చేస్తూ చేస్తూ, చివర రాసే ఫైలు పేరు మార్చి వేరే పేరు పెట్టాను. ఉన్న ఫైలుమీదనే రాశానంటే ఆ పిల్ల నన్నేమనుకుంటుందో! గంటలో జవాబు వచ్చింది: “దీనిలో మీ ఫైలు చెరిగిపోయే దారే లేదు. నాకు మీరు నడిపించినది కావాలి, నడిపించవలసినది కాదు.” ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. జవాబుపత్రం మార్చి రాసిన విద్యార్థి మొహం ఎలా ఉంటుందో ఆరోజు నా అద్దంలో చూశాను.

అసలుది పంపాక, ఫైలు తెరిచేచోట ఒక్క > గుర్తు ఉన్నదని చూపించింది. ఆ గుర్తుతో తెరిచిన క్షణానే ఫైలులో పాతదంతా తుడిచిపెట్టుకు పోతుంది. రెండు గుర్తులు పక్కపక్కన పెడితే పాతది ఉంచి చివర చేరుస్తుంది. ఇంత ప్రాణాంతకమైన భేదాన్ని ఒక గీత మీద పెట్టడం ఏమి మర్యాదో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

అంతవరకు చెప్పి, మంచి ప్రోగ్రాము తనే రాసి పంపుతుందనుకున్నాను. పంపలేదు. అయిదు పంక్తుల ఫైలు తయారుచేసుకోమన్నది. అందులో రెండు ఒకటే సామెత ఉండాలి. ఏమి రావాలో ముందు కాగితంమీద రాసుకోవాలి, ఏమి వచ్చిందో పక్కన రాయాలి. తీసేసిన రెండు పంక్తులూ మళ్లీ తలమీద పెట్టాలి. పెట్టి నడిపితే, ‘ఇది అంకె కాదు, అంకెలా పోలుస్తున్నావు’ అని పంక్తి సంఖ్యతో సహా పెర్ల్ తనే చెప్పింది. ఈ ముక్క ఆ శనివారం నాకు ఉచితంగానే దొరికి ఉండేది.

తరువాత ఇంకొక పద్ధతి చెప్పింది. ప్రతి సామెతనూ మిగతా అన్నిటితో పోల్చనక్కరలేదు. హాజరుపట్టీలాంటిది ఒకటి పెట్టుకొని, పేరు ఇదివరకే పడిందా లేదా అని చూస్తే చాలు. దాన్ని పెర్ల్‌లో ‘హ్యాష్’ అంటారు. “మీ ప్రశ్న పెర్ల్ వెంట వచ్చే ప్రశ్నోత్తరాల్లో అక్షరాలా ఉన్నది బాబాయిగారూ, జాబితాలో మళ్లీ వచ్చినవి తీయడం ఎలాగని” అన్నది. చూస్తే నిజంగానే ఉన్నది. కాని నేనొకటి మనవి చేస్తాను. నిఘంటువు ఎంత గొప్పదైనా, మాట మొదటి అక్షరం తెలియనివాడికి అది దొరకదు. నాకున్నది ‘జాబితా’ సమస్య అని తెలియడానికే నెల పట్టింది. ముందు గ్రంథం చూసి రమ్మని కొత్తవాళ్లను కసిరే పండితులు ఈ సంగతి గమనించాలి. మన పండితులు కూడా.

ఈక్యూ పెట్టాక చాలా పోయాయి గాని, కంటికి అచ్చంగా ఒకటేలా కనిపించే జంటలు ఇంకా మిగిలాయి. ప్రతి అక్షరానికీ యంత్రంలో ఉండే అంకె అచ్చువేసి చూడమన్నది. చూస్తే, నేను కాలేజీ కంప్యూటరులో ఎక్కించిన పంక్తుల చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి అదనంగా ఉన్నది. ఇంకొన్ని మాటల మధ్య, పొల్లు హల్లు పక్క అక్షరంతో కలవకుండా ఆపే అదృశ్యాక్షరం నక్కి కూర్చున్నది. అరసున్న పోయిందని విచారించే మనకు, కనబడని అక్షరాలు ఇలా తిరిగివచ్చాయి!

అక్షరాల ప్రసక్తి వచ్చింది గనుక ఒక్కమాట. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని పెర్ల్‌ను అడిగితే మొదట 18 అన్నది. ఒక్కొక్క గుర్తుకూ మూడేసి బైట్లట. ఇది తెలుగని తెలియజెప్పాక 6 అన్నది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మనిషి చదివినట్లు లెక్కపెట్టే మార్గం ఇంకొకటి ఉన్నది. దానితో అడిగితే 3 అన్నది. సంతోషించి ‘అమ్మ’ అని ఇచ్చాను. నా దగ్గరున్న పాత పెర్ల్‌లో దానికీ 3 వచ్చింది. ద్వితాన్ని విడదీసి లెక్కించింది! ఛందస్సు చెప్పే వాడిని గనుక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఏడు, ఎనిమిది పుస్తకాలు మళ్లీ ఎక్కించడానికి ఆరు వారాలు పట్టింది. తొమ్మిదోది మా అమ్మ ముందు పెట్టుకొని కూర్చుంటున్నాము. కిటికీ దగ్గర వెలుగుకు పట్టుకొని, సిరా పాకనిచోట కనిపించిన మాట నేను చదువుతాను. మిగిలినది అమ్మ అందుకుంటుంది. నాన్నగారు రాసుకునేటప్పుడు పక్కన విన్నదే గదా. 340లో ఇప్పటికి 263 తేలాయి. కొన్నిటికి, “ఇది మీ నాన్నకు ఎవరు చెప్పారో గుర్తున్నది గాని, ఏమి చెప్పారో గుర్తులేదు” అంటుంది. అవి అలాగే ఖాళీ వదిలి, ఎవరు చెప్పారో ఆ పేరు రాస్తున్నాను.

రోజూ పడుకోబోయేముందు ఆ ఫైలు నకలు ఒకటి విజయనగరం పంపుతున్నాను. ఇన్నిసార్లు ఎందుకు పంపుతావురా, ఏది చదవాలో తెలియటం లేదని మా చెల్లెలు నిన్న ఫోను చేసి విసుక్కున్నది.