దవడ ఆపరేషనా? డాక్టరు దగ్గర దాపరికం వద్దు!

కింది దవడ ముందుకొచ్చిందనో, గడ్డం లోపలికి పోయిందనో, నమలడం కష్టంగా ఉందనో ఈ రోజుల్లో అమ్మాయిలకు దవడ సరిచేసే ఆపరేషను చేయిస్తున్నారు. మంచిదే! కానీ "ఉబ్బసం సంగతి ఎత్తకు, పెళ్లి కావలసిన పిల్లవి" అంటూ డాక్టరు ముందు కూడా పిల్ల నోరు నొక్కేస్తాం చూడండి, ముప్పంతా అక్కడే ఉంది.

ఈ ఆపరేషనుకు పూర్తి మత్తు ఇస్తారు. ఊపిరి గొట్టం సాధారణంగా ముక్కులోంచే వేస్తారు. ఆ తర్వాత ముఖం వాస్తుంది, ముక్కు దిబ్బడేస్తుంది, దవడలకు రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. అదుపులో లేని ఉబ్బసం అప్పుడు తిరగబెడితే? రక్తహీనత, షుగరు, థైరాయిడ్, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక... ఏదున్నా ముందే చెప్పాలి. కీళ్లవాతం దవడ కీలును తినేస్తుంది. అది తెలియకుండా సరిచేస్తే దవడ మళ్లీ పక్కకు జరగవచ్చు.

ఇంకో పెద్ద దాపరికం మనసుకు వాడే మాత్రలు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరెత్తితే చాలు, అక్కడి మానసిక చికిత్సాలయం గుర్తొచ్చి నవ్వులాటలే! ఛాతీ ఆస్పత్రి కూడా అక్కడే ఉందన్నది ఎవరికీ గుర్తురాదు. ఆ నవ్వులకు జడిసి మాత్రలు దాచకండి. కొన్నిటికి మత్తుమందుతో పడదు. అలాగని సొంతంగా మానేసినా ప్రమాదమే.

మందుల చీటీలన్నీ సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టరు ముందు పెట్టండి. తర్వాత వారాల తరబడి జావ, పప్పుకట్టు పట్టేది ఎలాగూ మనమే. ముందుగా నిజం చెప్పించాల్సిందీ మనమే!