మట్టి యిండ్లు మిగిల్చిన గుర్తులు

కృష్ణా డెల్టా రైతులకు పాటిమన్ను క్రొత్త వస్తువు కాదు. పూర్వము ఊరుండి పాడుపడిన చోటును పాటిదిబ్బ యందురు. అచ్చటి మన్ను బూడిదవన్నెతో గుల్లగా నుండును. దానిని బండ్ల కెత్తి పొలములకు తోలినచో పైరు ఏపుగా పెరుగునని రైతులు అనుభవమువలన ఎరుగుదురు. ఈ మంటికి ఇంతటి సారము ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో, వెయ్యేండ్ల క్రిందటి సేద్యగాని యింటిని గుర్తించు మార్గము కూడ దొరకును.

ఒక కుటుంబము తరతరములుగా ఒకేచోట కాపురమున్నపుడు పొయ్యిలోని బూడిద, పశువుల పేడ, ఎముకలు, ఊక, పగిలిన కుండలు అన్నియు పెరటిలోనే చేరును. బూడిదలో పొటాషు, పేడలో నత్రజని, ఎముకలలో ఫాస్ఫేటు కలవు. నత్రజని చాలవరకు వాననీటితో కొట్టుకొనిపోవును. ఫాస్ఫేటు అట్లు పోదు. అది మట్టిలోని ఇనుము, కాల్షియములతో కలిసి సులభముగా కరగని పదార్థములుగా మారి అచ్చటనే నిలిచియుండును. 1920 దశాబ్దపు చివరలో స్వీడన్ దేశమున ఓలోఫ్ అర్హేనియస్ అను శాస్త్రజ్ఞుడు బీటుదుంపల సాగుకై నేలలను పరీక్షించుచు, ఫాస్ఫేటు అధికముగా నున్న తావులు పూర్వపు జనావాసములతో సరిపోవుచుండుట గమనించెను. నాటినుండి మట్టి పరీక్ష పురావస్తు శాస్త్రమునకు ఒక సాధనమయ్యెను. మన రైతు పైరును చూచి తెలిసికొన్న సంగతినే ఆ శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కనుగొనెను.

స్తంభము పోయినను గుంట మిగులును

సేద్యగాని యిల్లు రాతితో కట్టినది కాదు. కర్ర స్తంభములు, మట్టి గోడలు, తాటాకు లేక గడ్డి కప్పు — ఇంతే. చెదలు కర్రను తినును. వాన గోడను కరగించును. అయినను స్తంభమును పాతుటకు త్రవ్విన గుంట చెరిగిపోదు. కర్ర కుళ్లిన తరువాత ఆ గుంటలో పైనుండి వేరొక మట్టి చేరును. చుట్టునున్న నేలకంటె అది నల్లగా, వదులుగా నుండును. మట్టిని పొరపొరగా గీచి చదును చేసినపుడు ఇట్టి గుండ్రని మచ్చలు వరుసగా కనిపించును. వాని మధ్య దూరమునుబట్టి యింటి పొడవు, వెడల్పు, వాకిలి ఏ దిక్కున నుండెనో చెప్పవచ్చును. ఎఱ్ఱగా కాలిన మట్టి పొయ్యి స్థలమును చూపును. కాలి బొగ్గయిన గింజలు ఆ యింటివారు ఏమి తినిరో తెలుపును. ఆ బొగ్గులోని రేడియో కార్బనును కొలిచి, వాని కాలమును కూడ నిర్ణయింపవచ్చును. ఈ పద్ధతిని 1949లో అమెరికాలో లిబ్బీ, ఆయన సహచరులు ప్రకటించిరి.

ఈ విధమైన పరిశోధనకు ఇంగ్లండులోని వెస్ట్ స్టో మంచి ఉదాహరణము. అది ఆంగ్లో-సాక్సనుల పల్లె. ఐదవ శతాబ్దమునుండి ఏడవ శతాబ్దమువరకు అచ్చట జనులు నివసించిరి. తరువాత గాలికి కొట్టుకొనివచ్చిన ఇసుక దానిని కప్పివేసెను. 1965-1972 సంవత్సరముల మధ్య జరిగిన త్రవ్వకములలో గుంటపై కట్టిన గుడిసెల జాడలు సుమారు 70 బయటపడెను. ఒక్క గోడయు నిలిచియుండలేదు. కాని గుంటలు, మగ్గమునకు వ్రేలాడదీసిన మట్టి బరువులు, పశువుల ఎముకలు ఆ పల్లె బ్రదుకును తెలిపినవి.

మన డెల్టాలో

మన ప్రాంతమున ఇటుక కట్టడములు మాత్రము ముందుగా దృష్టి నాకర్షించినవి. 19వ శతాబ్దపు చివర అలెగ్జాండర్ రీ గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు దిబ్బలను పరిశోధించెను. ఘంటసాల స్తూపము లోపల బండిచక్రపు ఆకులవలె గోడలుండుట కనుగొనబడెను. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల రేవు ఈ ఘంటసాలయే యని చరిత్రకారులు తలంతురు. అచ్చటి ప్రాకృత శాసన మొకటి మహానావికుడైన శివకుని పేర్కొనుచున్నది. అయితే ఆ నావికునికి, ఆ భిక్షువులకు అన్నము పెట్టిన వరిచేలను దున్నినవాడు మట్టి యింటిలోనే యుండెను గదా!

ఆంగ్లో-సాక్సనుల చివరి కాలమునకు సమకాలికులు మన తూర్పు చాళుక్యులు. వారి రాగి శాసనములలో కనిపించు గుద్రవార విషయమును గుడివాడ ప్రాంతముగా గుర్తించిరి. ఆ కాలపు దానశాసనములు కొన్ని పొలమును కొలతకోలతో గాక, చల్లదగిన విత్తనముతో కొలుచును: ఇన్ని ఖండికల కోద్రవబీజము పట్టు క్షేత్రము అని వ్రాసిరి. కోద్రవమనగా ఆరికె. పొలపు ఎల్లలు, ఇంటి స్థలము కూడ వానిలో ఉండును. రాగిరేకు పొలము పేరు చెప్పును. ఆ రైతు యింటి పొయ్యి ఎచ్చట నుండెనో చెప్పదు. దానిని మట్టియే చెప్పవలెను.

ఇచ్చట ఆ మట్టికి ఆపదలు హెచ్చు. నది ఒండ్రు పాతనేలను కప్పును. ఉప్పెన ఊళ్లను తుడిచిపెట్టును. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలను ఈ సీమ మరువలేదు. అందుచేతనే పల్లెలు మెరక తావులను ఆశ్రయించెను. మనుష్యుల చెత్త చేరి ఆ మెరక ఇంకను పెరిగెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీరు పారుటకై ఎగుడుదిగుడు నేలలను చదును చేసిరి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు, పాలరాళ్లు 19వ శతాబ్దములోనే ప్రజాపనులకు తరలిపోయెను. ఇటుక కట్టడమునకే ఇట్టి గతి పట్టగా, స్తంభపు గుంటను ఎవరు చూతురు? బండెడు పాటిమన్ను తోలినపుడు దానితో ఒక యింటి నేల, ఒక పొయ్యి కూడ పోవచ్చును. పంట ఏటేట మరల వచ్చును. ఆ పొరల వరుస ఒకసారి చెదరినచో మరల రాదు.

ఉపాధ్యాయులు విద్యార్థులతో ఊరి పాటిదిబ్బకు వెళ్లినపుడు త్రవ్వరాదు. పైన పడియున్న పెంకులు, పూసలు, ఇటుకల కొలతలు, అవి కనిపించిన స్థలము పటము గీచి వ్రాసికొనవలెను. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. విలువలేని పెంకు విషయమున చట్టము పట్టుబట్టదు. కాని అది దొరకిన చోటు తెలిసినచో, శాస్త్రమునకు బంగారు నాణెముకంటె ఆ పెంకే ఎక్కువ చెప్పవచ్చును.