యంత్రం కాదంటే కారణం ఎవరు చెప్పాలి?

నేను ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశాను. ఒక దరఖాస్తును తిరస్కరిస్తే కారణం ఫైలులో రాసి, కింద సంతకం పెట్టించేవాళ్ళం. ఇప్పుడు ఆ వడపోత చాలాచోట్ల కంప్యూటరే చేస్తోంది. అది కాదంటే ఎవరిని అడగాలి? ఒక్కో ప్రభుత్వం ఒక్కో జవాబు చెబుతోంది.

ముందు నెదర్లాండ్స్ సంగతి చూడాలి. పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయంలో మోసాలు పట్టడానికి అక్కడి పన్నుల శాఖ ఒక కంప్యూటర్ లెక్క వాడింది. దరఖాస్తుదారు డచ్ పౌరుడు కాకపోతే అనుమానం మార్కులు పెరిగేవి. వేలాది కుటుంబాలకు, అందులో ఎందరో బయటినుంచి వచ్చి స్థిరపడినవారికి, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టమని నోటీసులు వెళ్ళాయి. అప్పులపాలయ్యారు. ఎందుకని అడిగితే చెప్పే నాథుడు లేడు. చివరికి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. బయటి ఊళ్ళో తరాలుగా ఉంటున్న మనకు ఈ కథ కొంచెం గట్టిగానే తగులుతుంది.

యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న వచ్చింది, దశలవారీగా అమలవుతోంది. మనుషుల నడవడికి మార్కులు వేసి శిక్షించే పద్ధతులను 2025 ఫిబ్రవరి నుంచే నిషేధించారు. ఉద్యోగం, కాలేజీ సీటు, అప్పు, ప్రభుత్వ సాయం వంటివి తేల్చే యంత్రాలపై మనిషి పర్యవేక్షణ ఉండాలి. నష్టపోయినవారు వివరణ అడగవచ్చు. నిషేధాన్ని మీరితే జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 7 శాతం దాకా.

అమెరికాలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు. బైడెన్ 2023లో ఇచ్చిన ఉత్తర్వును ట్రంప్ 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే రద్దుచేశారు. రాష్ట్రాలు, నగరాలు ఎవరి దారి వారు చూసుకుంటున్నాయి. చైనా 2023లోనే నిబంధనలు తెచ్చింది. అయితే యంత్రం ఏం మాట్లాడుతుందన్నదే అక్కడి సర్కారుకు ముఖ్యం.

మన దేశంలోనూ ప్రత్యేక చట్టం లేదు. 2025 నవంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. కృత్రిమంగా తయారైన బొమ్మలకు, గొంతులకు గుర్తు వేయాలని 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు సవరించారు. మంచిదే. కానీ నా ప్రశ్నకు అది జవాబు కాదు.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి చూస్తుంది. పేరు కలవడంతో ఒక రిక్షా కార్మికుడికి కారున్నట్టు లెక్కకట్టారు. ఆ ఇంటికి రేషన్ బియ్యం ఆగిపోయాయి. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

తమిళనాడులో మన ఇళ్ళ పరిస్థితి చూడండి. ఆధార్‌లో తండ్రి పేరు పొడి అక్షరం, పాత దస్తావేజులో ఇంటిపేరు, బడి సర్టిఫికెట్టులో తమిళ ఉచ్చారణకు తగ్గ స్పెల్లింగు. నాలాంటి గుమాస్తా అయితే ముఖం చూసి, నాలుగు ప్రశ్నలడిగి సరిపెట్టుకునేవాడు. యంత్రానికి వీళ్ళు ముగ్గురు మనుషులు. మీ కాగితాలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా కనిపిస్తే సంఘానికి తీసుకురండి, సవరణ దరఖాస్తు నేను రాసిపెడతాను. తిరస్కరణ ఏదైనా వస్తే మాత్రం కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగడం మరవకండి.