ఆవు మూత్రం కాఫీ రంగులోకి ఎందుకు మారుతుంది?

డెయిరీకి పాలు అందాలంటే, ముందు ఆవు ఒంట్లో నెత్తురు బాగుండాలి. ఒక్కోసారి ఆవుకు బాగా జ్వరం వస్తుంది, పాలు తగ్గిపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది.

ఎందుకు? చెవిలోనో, పొదుగు దగ్గరో కరుచుకున్న పిడుదు నెత్తురు పీలుస్తూనే, తన లాలాజలంతో బబీసియా అనే ఏకకణ జీవిని ఆవు ఒంట్లోకి వదులుతుంది. ఈ జబ్బును మోసేది పిడుదేనని 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ తేల్చారు.

బబీసియా నెత్తురులోని ఎర్రకణంలోకి దూరుతుంది. ఎలా? ముందు కణానికి అతుక్కుంటుంది. తన మొన కణంవైపు వచ్చేలా తిరుగుతుంది. ఆ మొనలోంచి వదిలిన ప్రోటీన్లతో పట్టు బిగించి లోపలికి జారుతుంది. కణం పొర చిరగదు; వేలితో నొక్కిన బెలూన్‌లా లోపలికి ముడుచుకుంటుంది. లోపల బబీసియా రెండుగా చీలుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే జంట బేరిపండ్లే! చివరికి కణం పగిలి హిమోగ్లోబిన్ బయటపడుతుంది. మూత్రానికి ఆ రంగు దానివల్లే.

పిడుదులే మోసే థైలీరియా అనే మరో ఏకకణ జీవిది వేరే దారి. ముందు తెల్లకణాల్లో పెరిగి, తర్వాతే ఎర్రకణాల్లో చేరుతుంది. దీనికి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి ‘రక్షావ్యాక్-టి’ టీకా ఉంది.

పశువుకూ, పాకకూ పిడుదులు పట్టకుండా చూస్తే రెండు దారులూ మూసినట్టే.